4,500 మైక్రాన్ల దగ్గర ఆగిన గేజ్: విశాఖలో ఒక కొత్త ఏసీ కేసు

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా కట్టిన కొత్త అపార్ట్‌మెంట్. ఐదో అంతస్తులో 1.5 టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ, అందులో చల్లదనం తెచ్చేది ఆర్32 గ్యాస్. రాగి పైపులు గోడలోనే పోయేలా బిల్డింగ్ కట్టేటప్పుడే వేసేశారు. ఇండోర్ యూనిట్‌ను ఇంటీరియర్ వాళ్లు తగిలించి, ఫ్లేర్ నట్లు (రాగి పైపు చివరను వెడల్పు చేసి బిగించే జాయింట్ నట్లు) బిగించి, వార్డ్‌రోబ్ పైన ప్లైవుడ్ బాక్స్ కట్టి లామినేట్ కూడా అతికించేశారు. నాకు మిగిలిన పని ఔట్‌డోర్ కనెక్షన్, లీక్ టెస్ట్, వాక్యూమ్ (పైపుల్లోని గాలినీ తేమనూ పంపుతో లాగేయడం), గ్యాస్ వదలడం. కాగితం మీద పూట పని.

ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. ఏసీ ఫిట్టింగ్‌లో వాక్యూమ్ అనేది చాలామందికి ఇప్పటికీ ఒక టైము లెక్క. పదిహేను నిమిషాలు పంపు తిప్పాం, గేజ్ ముల్లు కిందికి దిగింది, అయిపోయింది. ఈ ఇంట్లో కూడా ముల్లు చక్కగా కిందికే దిగింది. లోపల మాత్రం నీళ్లున్నాయి.

ముందు లీక్ టెస్ట్

ఔట్‌డోర్ వాల్వులు రెండూ మూసే ఉన్నాయి. కంపెనీ నింపి పంపిన గ్యాస్ అంతా ఔట్‌డోర్‌లోనే భద్రంగా ఉంది. కాబట్టి నేను పరీక్షించాల్సింది గోడలోని పైపు, ఇండోర్ కాయిల్ మాత్రమే. పైపు పొడవు దాదాపు 9 మీటర్లు, అర అంగుళం, పావు అంగుళం జత. రెండు పైపుల లోపలి జాగా ఒక లీటరు, కాయిల్‌తో కలిపినా రెండు లీటర్ల లోపే.

డ్రై నైట్రోజన్‌తో మెట్లు మెట్లుగా 400 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) వరకు ఎక్కించి, అన్ని నట్లకూ సబ్బు నురగ పట్టించి చూశాం. బుడగ రాలేదు. ఆ రాత్రికి అలాగే వదిలేశాం. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్రెషర్ టెస్ట్‌కు నైట్రోజనే వాడాలి. వెల్డింగ్ షాపులో దొరికిందని ఆక్సిజన్ సిలిండర్ తగిలిస్తే, లోపలి నూనెతో కలిసి పేలుతుంది. అలా ప్రాణాలు పోయిన పని ఇది.

సాయంత్రం పైపు టెంపరేచర్ 31 డిగ్రీలు, గేజ్ 400. పొద్దున 27 డిగ్రీలు, గేజ్ 394 కంటే కొంచెం ఎక్కువ. మా హెల్పర్ మొహం మారిపోయింది, "అన్నా, ఆరు తగ్గింది" అన్నాడు. లీక్ కాదు. మూసి ఉన్న గ్యాస్ చల్లబడితే ప్రెషర్ తగ్గుతుంది. 400 పీఎస్ఐ దగ్గర డిగ్రీకి సుమారు 1.4 పీఎస్ఐ చొప్పున నాలుగు డిగ్రీలకు ఐదున్నర పోవాలి. పోయింది అంతే. టెంపరేచర్ రాసుకోకుండా ప్రెషర్ టెస్ట్ చేస్తే లేని లీక్ కోసం రోజంతా వెతుకుతాం, లేదా ఉన్న లీక్‌ను ఎండ కప్పేస్తుంది.

నైట్రోజన్ టెస్ట్ పాసైంది అంటే పైపుకు కన్నం లేదని మాత్రమే అర్థం. లోపల నీరు ఉందో లేదో ఆ టెస్ట్ చెప్పదు. 400 పీఎస్ఐ కింద కూడా నీరు పైపులో హాయిగా కూర్చుని ఉంటుంది.

పంపు ఆన్ చేశాక

నైట్రోజన్ వదిలేసి వాక్యూమ్ మొదలుపెట్టాం. రెండు స్టేజీల పంపు, కొత్త నూనె. పంపుకు మైక్రాన్ గేజ్ (లోపల మిగిలిన పీడనాన్ని మైక్రాన్లలో చూపేది, అంకె తగ్గేకొద్దీ వాక్యూమ్ లోతు) ఒక్కటే తగిలించి ముందుగా దాని సత్తా చూసుకున్నాను, 100 మైక్రాన్ల కిందికి సులువుగా వెళ్లింది. సర్వీస్ పోర్టులోని పిన్నును కోర్ రిమూవర్‌తో తీసేశాను. ఆ చిన్న పిన్ను దారికి అడ్డంగా ఉంటే పంపు ఎంత పెద్దదైనా ప్రయోజనం తక్కువ. పావు అంగుళం గ్యాస్ హోస్ బదులు లావు వాక్యూమ్ హోస్ వేశాను. మైక్రాన్ గేజ్‌ను పంపు దగ్గర కాకుండా కోర్ రిమూవర్ పక్క పోర్టులో, ఏసీ వైపు పెట్టాను. పంపు దగ్గర పెడితే పంపు ఎంత లాగుతోందో తెలుస్తుంది గానీ పైపులో ఏముందో తెలీదు.

ఇంత చిన్న జాగా, పొడి పైపు అయితే పది పదిహేను నిమిషాల్లో 500 మైక్రాన్ల కిందికి దిగిపోవాలి. ఇక్కడ గేజ్ మొదట గబగబా దిగింది. తర్వాత నెమ్మదించింది. చివరికి 1,900 – 2,000 మధ్య ఆగిపోయింది. పంపు తిరుగుతూనే ఉంది, అంకె అక్కడే ఊగుతోంది.

అదే సమయంలో అందరూ వాడే ముల్లు గేజ్, అంటే మానిఫోల్డ్ గేజ్‌లో నీలం ముల్లు మైనస్ 30కి అతుక్కుపోయి ఉంది. అది తప్పు చెప్పడం లేదు, దాని చూపు అంతవరకే. మొత్తం వాతావరణ పీడనం 7,60,000 మైక్రాన్లు. ముల్లు గేజ్‌లో అదంతా 30 గీతల్లోకి సర్దేశారు. 2,000 మైక్రాన్లంటే అందులో ఒక గీతలో పదో వంతు కూడా కాదు. తడి పైపుకూ పొడి పైపుకూ తేడా మొత్తం ఆ వెంట్రుకవాసిలోనే ఉంది.

హెల్పర్ అన్నాడు: "ఇంకో గంట తిప్పేద్దాం అన్నా, అదే దిగుద్ది."

దిగొచ్చు. కానీ ఎందుకు ఆగిందో తెలియకుండా తిప్పడం నాకు నచ్చదు. ఇలా ఆగిపోవడానికి కారణాలు మూడు. పంపో హోసో బాగాలేకపోవడం ఒకటి. పంపును ముందే చూశాను, హోస్‌నూ విడిగా చివర మూసి చూస్తే 150 దగ్గర నిలబడింది. రెండోది లీక్. మూడోది తడి. చివరి రెండిట్లో ఏదో తేల్చేది పంపు ఆపాక గేజ్ నడిచే తీరే.

గేజ్ ఎక్కిన తీరు

కోర్ రిమూవర్ బాల్ వాల్వు మూసి పంపును వేరు చేశాను. గేజ్ ఏసీ వైపే ఉంది. అంకె ఎక్కడం మొదలైంది. 2,000, 2,800, 3,500, 4,000. అప్పటివరకు చురుగ్గా ఎక్కింది. 4,400 దాటాక మందగించి, 4,500 చుట్టూ చాలాసేపు కదలకుండా నిలబడింది.

లీక్ ఉంటే ఇలా నిలబడదు. బయటి గాలి 7,60,000 మైక్రాన్ల ఒత్తిడితో తోసుకొస్తుంటే 4,500 దగ్గర ఆగాల్సిన అవసరం దానికి లేదు. ఒకే వేగంతో పైకి పోతూనే ఉంటుంది.

ఆ అంకెకే ఒక అర్థం ఉంది. సున్నా డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం సుమారు 4,580 మైక్రాన్లు. అంటే లోపల ఎక్కడో సున్నా డిగ్రీల్లో నీరు, నిజానికి మంచు, ఉంది. విశాఖలో, 28 డిగ్రీల గదిలో, గోడలోని పైపులో మంచు ఎలా వచ్చిందని అడగొచ్చు. వాక్యూమే తెచ్చింది. 30 డిగ్రీల నీరు మరగాలంటే పీడనం 31,800 మైక్రాన్లకు దిగితే చాలు. మనం అంతకంటే చాలా కిందికి లాగాం. నీరు వేగంగా మరిగింది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2.4 కిలోజౌల్స్ వేడి కావాలి. ఆ వేడిని అది పక్కనున్న నీటి నుంచీ రాగి నుంచీ లాక్కుంటుంది. ఇన్సులేషన్ చుట్టి గోడలో పూడ్చిన పైపుకు బయట నుంచి వేడి అంత త్వరగా అందదు. మిగిలిన నీరు చల్లబడి గడ్డ కడుతుంది. గడ్డ కట్టాక ఆవిరి సన్నగా మాత్రమే వస్తుంది, ఆ సన్నని ఆవిరినే పంపు లాగుతూ 2,000 దగ్గర కూర్చుంటుంది.

అలాగే వదిలేసి చూశాం. మంచు కరిగాక గేజ్ మళ్లీ నెమ్మదిగా కదిలింది. ఆరు వేలు, తొమ్మిది వేలు, పద్నాలుగు వేలు. ఇరవై వేలు దాటాక బాగా నిదానించి ఆగిపోయింది. గది టెంపరేచర్ 28 డిగ్రీలకు నీటి ఆవిరి పీడనం 28 వేల మైక్రాన్లు. ఆ గీత దాటి పైకి వెళ్లలేదు. ఇక అనుమానం లేదు. లీక్ లేదు, లోపల నీరుంది, అదీ గాలిలో తేమలాంటిది కాదు, ద్రవ రూపంలో నిలిచిన నీరు.

ఈ తేడా ముఖ్యం. గాలిలోని తేమ గురించి మన పనిలో చాలా మాట్లాడతారు గానీ లెక్క వేస్తే అది కొంచెమే. 30 డిగ్రీల దగ్గర, విశాఖ లాంటి ఉక్కపోతలో, ఘనపు మీటరు గాలిలో ఇరవై నాలుగైదు గ్రాముల నీరుంటుంది. రెండు లీటర్ల జాగాలో అది 50 మిల్లీగ్రాములు, ఒక్క బొట్టు. ఆ ఒక్క బొట్టును పంపు సులువుగా తీసేస్తుంది. మన గేజ్ చెబుతున్నది బొట్టు సంగతి కాదు.

బాక్స్ తీయించడం

అసలు కష్టం ఇక్కడే. పైపులు గోడలో వేసింది వానాకాలానికి ముందు. చివర్లను నొక్కి, లోహం కరిగించి అతికించే బ్రేజింగ్‌తో మూయలేదు. కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు చుట్టి వదిలేశారు. ఔట్‌డోర్ వైపు చివర్లు డక్ట్‌లో ఆకాశం వైపు తిరిగి ఉన్నాయి. వాన పడింది, గోడలకు క్యూరింగ్ నీళ్లు కొట్టారు. టేపు ఊడిందో, తడిసి జారిందో. పైపు కిటికీ కింది నుంచి వెళ్లేచోట కొంచెం కిందికి వంగి ఉందని సైట్ ఫొటోలో కనిపించింది. నీరు దిగితే నిలిచేది అక్కడే.

ఇండోర్ దగ్గర నట్లు విప్పి నైట్రోజన్‌తో ఊదితే నీరు ద్రవంగానే బయటికి వస్తుంది. అందుకు ప్లైవుడ్ బాక్స్ తీయాలి. ఇంటి పెద్దావిడకు ఆ మాట చెప్పగానే, "ఏటి బాబూ, కొత్త ఇల్లు, నిన్ననే కదా అంటించారు. గ్యాస్ ఒదిలీసి ఓసారి నడిపి చూడొచ్చు కదా" అన్నారు.

ఆవిడ అడిగింది న్యాయమే. నడిపితే నడుస్తుంది కూడా. మొదటి రోజు చల్లగానే ఉంటుంది. అదే ఇందులో ఇబ్బంది. కాబట్టి గేజ్ ఆవిడ చేతికిచ్చి, అంకె ఎక్కడ ఆగిందో చూపించి, నీళ్లున్నాయమ్మా, ఇది కంప్రెసర్ నూనెలో కలిస్తే ఏసీ రెండు మూడేళ్లలో దెబ్బతినే ప్రమాదం ఉంది, అప్పుడు ఈ బాక్స్ ఎలాగూ కోయాలి అని చెప్పాను. ఒప్పుకున్నారు. కార్పెంటర్ వచ్చి లామినేట్ చెడకుండా పై మూత మాత్రం తీసిచ్చాడు.

వాక్యూమ్‌ను నైట్రోజన్‌తో విరిచి (అంటే నైట్రోజన్ లోపలికి వదిలి), ఇండోర్ నట్లు రెండూ విప్పాం. ఔట్‌డోర్ వైపు నుంచి తక్కువ ప్రెషర్‌లో నైట్రోజన్ వదిలాం. ఇండోర్ వైపు పైపు నోటికి తెల్లటి బనియన్ గుడ్డ పట్టుకున్నాడు హెల్పర్. పావు అంగుళం పైపు నుంచి గాలి తప్ప ఏమీ రాలేదు. అర అంగుళం పైపు మొదట బుసలు కొట్టింది, తర్వాత గుటకలు మింగినట్టు శబ్దం, ఆ వెంటనే గుడ్డ మీద బూడిదరంగు తడి. సిమెంటు ధూళి కలిసిన నీరు. గుడ్డ తీసి సీసా పట్టుకుంటే అందులో ఒక మూతెడు నీరు చేరింది. 5 మిల్లీలీటర్లు వేసుకుందాం.

మూతెడు నీరే కదా అనిపిస్తుంది. ఆ 5 గ్రాములు 500 మైక్రాన్ల దగ్గర ఆవిరైతే పది వేల లీటర్లకు పైగా జాగా ఆక్రమిస్తుంది. పంపు దాన్ని లాగగలదు, కానీ మధ్యలో మంచు కడుతూ, పంపు నూనెను తెల్లగా పాల రంగుకు మారుస్తూ, గంటల తరబడి. హెల్పర్ అన్నట్టు ఇంకో గంట తిప్పితే పోయేది కాదు. ద్రవంగా ఉన్నదాన్ని ద్రవంగానే తోసేయాలి, మిగిలిన తడి ఆరబెట్టడానికే వాక్యూమ్.

ఆ నీరు లోపలే ఉండిపోతే ఏం జరిగేదో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఒక పాత నమ్మకం ఉంది. తేమ కాపిల్లరీలో (గ్యాస్ దూరే సన్నని గొట్టంలో) మంచు కట్టి గ్యాస్ ఆపేస్తుందని అందరూ చెబుతారు. ఫ్రిజ్‌లో, డీప్ ఫ్రీజర్‌లో అది నిజం, అక్కడ ఎవాపరేటర్ (చల్లబడే కాయిల్) సున్నా కంటే చాలా కింద పనిచేస్తుంది. మామూలుగా నడిచే ఏసీలో ఎవాపరేటర్ సున్నాకు పైనే ఉంటుంది కాబట్టి మంచు అడ్డు పడటం అరుదు. అందుకే తడి ఏసీ నెలల తరబడి ఏ గుర్తూ చూపించకుండా నడుస్తుంది. దెబ్బ నూనెలో తగులుతుంది. ఆర్32 మెషిన్లలో ఎక్కువగా వాడే పీఓఈ ఆయిల్ (కంప్రెసర్లో ఉండే సింథటిక్ నూనె) నీటిని పీల్చుకుంటుంది, వేడికి ఆ నీటితో కలిసి విడిపోయి ఆమ్లం తయారవుతుంది. ఆమ్లం మోటారు వైండింగ్ మీది పూతను తింటుంది, రాగిని కరిగించి తీసుకెళ్లి బేరింగుల మీద పూస్తుంది. కొత్త పీఓఈలో తేమ సాధారణంగా పది లక్షల భాగాల్లో 50 లోపే ఉంటుంది. అర లీటరు నూనెకు అది 25 మిల్లీగ్రాములు. మనం తీసింది 5,000.

పాత ఆర్22 గ్యాస్ రోజుల్లో మినరల్ ఆయిల్ ఉండేది, అది నీటిని అంతగా పట్టుకోదు. గ్యాస్ కొంచెం వదిలి పైపులో గాలి బయటికి తోసేసే పద్ధతి అప్పట్లో అలవాటైంది, చెల్లుబాటయింది. మెషిన్ మారింది, నూనె మారింది, అలవాటు మాత్రం చేతుల్లో మిగిలిపోయింది. నేను చూసిన ఆర్32 ఇన్‌స్టలేషన్ మాన్యువల్స్ వాక్యూమ్ పంపు వాడమనే చెబుతున్నాయి.

ఆరబెట్టడం

నీరు ఆగిపోయాక కూడా గుడ్డ పొడిగా వచ్చేదాకా నైట్రోజన్ వదిలాం. ఇండోర్ కాయిల్‌ను విడిగా ఊదాం, అందులోకి నీరు పోలేదు. ఫ్లేర్లు రెండూ కోసి కొత్తగా కట్టాం. పాతవాటిలో ఒకటి అంచు పలచబడి ఉంది. టార్క్ రెంచ్‌తో పావు అంగుళం నట్టు 14 – 18 న్యూటన్ మీటర్లు, అర అంగుళానిది 50 – 60 మధ్య. చేతి అంచనాతో బిగిస్తే చిన్న నట్టు ఎక్కువ, పెద్ద నట్టు తక్కువ బిగుస్తుంది. నేను విప్పి చూసిన లీకుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. మళ్లీ ప్రెషర్ టెస్ట్ చేశాం, నిలిచింది.

పంపు నూనె చూస్తే మబ్బుగా ఉంది, మార్చేశాం. తడి నూనెతో పంపు లోతు వాక్యూమ్ ఇవ్వదు. ఈసారి గ్యాస్ బ్యాలస్ట్ (పంపులోకి కొంచెం గాలి వదిలే వాల్వు) తెరిచి మొదలుపెట్టాం, ఆవిరి పంపులోనే నీరుగా మారకుండా. 2,000 దగ్గరికి దిగాక పొడి నైట్రోజన్‌తో విరిచి కాసేపు ఉంచాం. నైట్రోజన్ రెండు పనులు చేస్తుంది: పైపు గోడలకు వేడి తిరిగి అందేలా చేస్తుంది, మిగిలిన తేమను తనలో కలుపుకుని బయటికి తెస్తుంది. వదిలేసి మళ్లీ లాగి, 1,000 కిందికి వెళ్లాక ఇంకోసారి విరిచాం. మూడో వాక్యూమ్‌లో బ్యాలస్ట్ మూసి దిగనిచ్చాం.

మధ్యలో కరెంటు పోయింది. చెక్ వాల్వు (వెనక్కి పోనివ్వని వాల్వు) లేని పంపు ఆగిపోతే అందులోని నూనెను ఏసీ పైపు వెనక్కి లాగేసుకుంటుంది. మా పంపుకు వాల్వు ఉంది. అయినా పంపు ఆగిన శబ్దం వినగానే కోర్ రిమూవర్ వాల్వు మూసేయడం హెల్పర్‌కు అలవాటు, మూసేశాడు. పంపు పెట్టి టీ తాగడానికి కిందికి వెళ్లకూడదని చెప్పేది ఇందుకే.

గేజ్ ఈసారి 2,000 దగ్గర ఆగలేదు. 500 దాటి 380కి వచ్చింది. వాల్వు మూసి పది నిమిషాలు చూశాం. 430కి వెళ్లి నిలబడింది. మొదటిసారి ఇదే పరీక్షలో వేలల్లో ఎక్కిన పైపే ఇది.

అప్పుడు అలెన్ కీతో లిక్విడ్ వాల్వు కొంచెం తెరిచి, ప్రెషర్ వచ్చాక పూర్తిగా తెరిచి, తర్వాత గ్యాస్ వాల్వు. ఈ మోడల్‌కు 5 మీటర్ల వరకు నింపిన గ్యాస్ సరిపోతుంది, ఆపైన మీటరుకు 20 గ్రాములు. నాలుగు మీటర్లకు 80 గ్రాములు కాటా మీద తూచి ఎక్కించాం. పిన్ను మళ్లీ బిగించి, మూత పెట్టి, మూతకూ సబ్బు నురగ పట్టించి చూశాం. టెస్ట్ మోడ్‌లో సక్షన్ (కంప్రెసర్లోకి వచ్చే గ్యాస్ ప్రెషర్) 130 పీఎస్ఐ దరిదాపుల్లో, లోపలికి పోయే గాలికీ వచ్చే గాలికీ 12 డిగ్రీల తేడా.

అదే బిల్డింగులో పై ఫ్లాట్

ఈ పని చూసి పై అంతస్తు వాళ్లు పిలిచారు. అదే సైజు ఏసీ, అవే గోడ పైపులు. వేరేవాళ్లు ఫిట్ చేసి నెల దాటింది. రాత్రి బాగానే ఉంటుంది, మధ్యాహ్నం మాత్రం "గాలొస్తంది గానీ చలవ లేదు" అన్నారు. ఫిల్టర్ శుభ్రంగా ఉంది, వోల్టేజ్ బాగుంది, ఔట్‌డోర్ వేడి గాలి తిరిగి దానికే తగలడం లేదు. ఫిట్టింగ్ రోజు పంపు తెచ్చారా అని అడిగితే, లేదు, ఏదో విప్పి బుస్సుమనిపించి బిగించారు అన్నారు.

లోపల గాలి ఉందో లేదో తెరవకుండా తెలుసుకునే దారి ఒకటుంది. రాత్రంతా ఏసీ ఆపి ఉంచి, ఎండ తగలకముందే, లోపలా బయటా ఒకే టెంపరేచర్ ఉన్నప్పుడు గేజ్ చూడాలి. ఆర్32 ద్రవం లోపల ఉన్నంతవరకు దాని ప్రెషర్‌ను నిర్ణయించేది టెంపరేచర్ ఒక్కటే. 30 డిగ్రీలకు 265 పీఎస్ఐ. ఇక్కడ పైపు మీద, కాయిల్ మీద క్లాంప్ థర్మామీటర్లు 30 చూపిస్తుంటే డిజిటల్ గేజ్ 276 చూపించింది. ఆ 11 గాలిది. గాలి తన ప్రెషర్‌ను గ్యాస్ ప్రెషర్ మీద అదనంగా కలుపుతుంది. అయితే ఒక్క డిగ్రీ తప్పితేనే ఏడు పీఎస్ఐ తేడా వస్తుంది కాబట్టి, ముల్లు గేజ్‌తోనూ చేతి అంచనాతోనూ ఈ పరీక్ష చేయకూడదు.

11 పీఎస్ఐకి ఇంత గొడవా అంటే, ఏసీ నడిచేటప్పుడు ఆ గాలి అంతటా పరుచుకుని ఉండదు. ద్రవంగా మారదు కాబట్టి కండెన్సర్లో (గ్యాస్ ద్రవంగా మారే ఔట్‌డోర్ కాయిల్లో) పోగుపడుతుంది. అక్కడ దాని వాటా కొన్ని రెట్లు అవుతుంది. కండెన్సర్ జాగా తగ్గుతుంది, హెడ్ ప్రెషర్ (కంప్రెసర్ బయటికి తోసే వైపు ప్రెషర్) పెరుగుతుంది, ఇన్వర్టర్ బోర్డు తనను కాపాడుకోవడానికి కంప్రెసర్ వేగం తగ్గిస్తుంది. ఎండ మండే మధ్యాహ్నమే చల్లదనం తగ్గడానికి కారణం ఇదే. చాలామంది దీన్ని గ్యాస్ తక్కువైందని అనుకుని ఇంకా గ్యాస్ ఎక్కిస్తారు, హెడ్ ప్రెషర్ ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ పంప్ డౌన్ చేయలేదు. గాలి కలిసిన సిస్టమ్‌ను కంప్రెసర్‌తో ఔట్‌డోర్లోకి గుంజితే, గాలి, నూనె, వేడి, ఒత్తిడి అన్నీ ఒకచోట చేరి కంప్రెసర్ పేలిపోయే ప్రమాదం ఉంది. ఆర్32కు పనికొచ్చే రికవరీ మెషిన్‌తో మొత్తం గ్యాస్ సిలిండర్లోకి తీశాం. గాలిలోకి వదలలేదు: ఆర్32 మంట అంటుకునే గ్యాస్, పైగా కిలో ఆర్32 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. తీసిన గ్యాస్‌ను తిరిగి వాడలేదు, నేమ్‌ప్లేట్ ప్రకారం కొత్తది తూచి నింపాం.

ఈ పైపులో నిలిచిన నీరు దొరకలేదు, గుడ్డ కొంచెం చెమ్మగిల్లింది అంతే. కానీ వాక్యూమ్‌లో ఈసారి కంప్రెసర్, దాని నూనె కూడా ఉన్నాయి. గేజ్ 500 దాటడానికి చాలా సేపు పట్టింది, మూసి చూస్తే నెమ్మదిగా 900కి ఎక్కి అక్కడ ఆగింది. కింది ఫ్లాట్‌లో 430. ఆ తేడా నూనెది. పీఓఈ ఒకసారి తాగిన తేమను వాక్యూమ్ పూర్తిగా బయటికి లాగలేదు. మధ్యాహ్నం చల్లదనం తిరిగొచ్చింది, వాళ్లకు సంతోషం. నూనెలో మిగిలిన తేమ గురించి కూడా చెప్పి, ఫిట్టింగ్ తేదీ, వాక్యూమ్ అంకెలు రాసిన చీటీ ఔట్‌డోర్ మూత లోపల అతికించాను. వచ్చే వేసవిలో సర్వీస్‌కు ఎవరొచ్చినా కంప్రెసర్ శబ్దం, కరెంటు లాగే తీరు ముందుగా చూడమని అందులోనే రాశాను.

బిల్డర్ సూపర్‌వైజర్‌ను పిలిచి సీసాలోని నీరు చూపించాం. ఇంకా ఏసీలు పెట్టని ఫ్లాట్లలో పైపు చివర్లు అన్నీ టేపుతోనే ఉన్నాయి. వాటిని నైట్రోజన్‌తో ఊది, చివర్లు నొక్కి బ్రేజింగ్ చేసి, లోపల కొంచెం నైట్రోజన్ ప్రెషర్ నిలిపి ఉంచడం మొదలుపెట్టాం. ఫిట్టింగ్ రోజు చివర కోసినప్పుడు బుస్సుమంటే పైపు మూసే ఉందని తెలుస్తుంది. శబ్దం రాకపోతే ఫ్లేర్ కట్టకముందే ఆపి, మళ్లీ ఊదాలి.